ముప్పై మూడు అడుగుల అనుమానం

మహబూబ్‌నగర్‌లో నేను సర్వే శాఖ ఉద్యోగిగా ఉన్నది 1957 నుంచి 1964 వరకు. అందులో 1959 నుంచి, ఏటా ఫిబ్రవరి మొదలు మే వరకు, ఆదివారం ఉదయం నాతో పనిబడినవారు మా ఇంటి తలుపు తట్టేవారు కాదు. నేరుగా మైదానానికి వచ్చేవారు. అక్కడ గోల్ స్తంభాల వెనుక ఒక బల్ల మీద, ఎడమ చేతిలో వాచీతో, మోకాలి మీద నోటుబుక్కుతో నేను కూర్చొని ఉండేవాడిని. అక్కడ సైకిల్ పందేలు జరిగేవి.

అవి ఎలాంటి పందేలో ఇప్పటివారికి తెలిసే అవకాశం లేదు గనుక వివరిస్తాను. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో మొరం పరచిన బాట. ఒకసారికి నలుగురు. ఎనిమిది చుట్లు. ఎప్పుడూ ఎడమవైపుకే తిరగాలి. సైకిళ్లకు బ్రేకులు, మడ్‌గార్డులు, గంట, వెనుక క్యారియరు ఉండకూడదు. బ్రేకులేని సైకిల్ మలుపులో నిలబడాలంటే ఎడమ కాలు నేల మీద ఈడ్చాలి. అలా ఈడిస్తే చెప్పు రెండు ఆదివారాలు కూడా ఆగదు. అందుకని మా పందెగాళ్లు ఎడమ చెప్పు అడుగున ఎద్దుకు కొట్టే ఇనుప నాడా కొట్టించుకొనేవారు. నలుగురూ ఒకేసారి మలుపులోకి ఒరిగి, నాలుగు నాడాలు మొరాన్ని గీసుకుంటూ పోయే ఆ చప్పుడు విన్నప్పుడు తలెత్తి చూడాలనిపించేది. అయినా వాచీ ముల్లు మీద నుంచి చూపు మరల్చేవాడిని కాను. పందెం ఎంత బాగుందన్నది ఎవరి ఇష్టం వారిది. ఎన్ని సెకన్లు పట్టిందన్నది మాత్రం ఒక్కటే ఉంటుంది.

ఈ పందేలు నడిపినది కిరాయి సైకిళ్ల దుకాణం యజమాని. ఊరంతా ఆయనను సేటు అనేది. బాటను మొదట కొలిచి వేసినది నేను, 1959లో. మా శాఖలో వాడే గొలుసు ముప్పై మూడు అడుగులది. రెండు నిడుపు వైపులూ పదేసి గొలుసులు, రెండు మలుపులూ పదేసి గొలుసులు, మొత్తం నలభై. అంటే పదమూడు వందల ఇరవై అడుగులు, సరిగ్గా పావు మైలు. మలుపులకు నూట ఐదు అడుగుల తాడును ఒక మేకుకు కట్టి గీత గీసేవాళ్లం. నిడుపు వైపు ముగిసేచోటనే ఫుట్‌బాల్ గోల్ గీత పడేటట్లు నేనే అమర్చాను. దానితో ఫుట్‌బాల్ మైదానం పొడవు నూట పది గజాలుగా కుదిరింది. ఏటా వానాకాలంలో బాట చెదిరిపోయేది. జనవరిలో మళ్లీ కొలిచి వేసేవాళ్లం.

నా భార్య తమ్ముడు 1959లోనే నల్లగొండ దగ్గరి తమ ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. కలప డిపోలో దుంగల మీద నంబర్లు వేసే ఉద్యోగం. సాయంత్రాలు ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఎడమ అంచున ఆడేవాడు. ఆదివారాలు సైకిల్ పందెం. నా భార్య మా ఇద్దరికీ కలిపి ఒక్కటే మాట అనేది: "ఆదివారం వండిన కూర సోమవారం తింటరు ఇద్దరు. మీకు ఆదివారమే వేరే తీరు." మాకు అప్పటికి ఏడాది బిడ్డ. ఆ పిల్లను చంకన వేసుకొని నా భార్య కూడా అప్పుడప్పుడు మైదానానికి వచ్చేది. మొరం దుమ్ము ఎగిరితే కొంగు పిల్ల ముఖానికి అడ్డం పెట్టి, తాను మాత్రం రెప్ప వేయకుండా చూసేది.

1960లో నా బావమరిది ఎనిమిది చుట్లకు తీసుకున్న అతి తక్కువ సమయం ఐదు నిమిషాల ముప్పై సెకన్లు. ఇది నా పుస్తకంలో ఉన్నది. నోటి మాట కాదు.

1961 జనవరిలో బాట వేసేరోజున మా గొలుసు మనిషి రాలేదు. అప్పుడు మా బాపు ఆత్మకూర్ దగ్గరి మా ఊరి నుంచి దవాఖానలో కళ్లు చూపించుకోవడానికి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. "గొలుసు పట్టుడేంది, గదేమన్న బ్రహ్మవిద్యనా? నేను పడత పా" అని ఆయనే బయలుదేరాడు. సేటు దుకాణంలో పనిచేసే మనిషి గొలుసు వెనుక కొస పట్టాడు. బాపు ముందు కొస పట్టి, గొలుసుకొక ఇనుప సూది నాటుతూ, పైకి లెక్క చెబుతూ నడిచాడు. నేను ఎదురుగా నిలబడి గీత వంకర పోకుండా జెండాలు సరిచూశాను. "పది" అన్న కేక వినిపించింది. ఆయన చేతికిచ్చిన పది సూదులూ అయిపోయాయి. కేక, సూదులు, రెండూ ఒకటే చెప్పాయి. పది అని రాసుకున్నాను. రెండో వైపు కూడా అంతే. చెదలు తిన్న పాత గోల్ స్తంభాలను వారం కిందటే పీకి గుంటలు పూడ్చారు గనుక, కొత్తవి ఆ గీతల మీదనే పాతించాను.

ఫిబ్రవరిలో మొదటి పందెం. నా బావమరిది గెలిచాడు. వాచీ చూశాను. ఐదు నిమిషాల పద్నాలుగు సెకన్లు.

జనం చప్పట్లు కొడుతున్నారు. నేను కొట్టలేదు. నిరుటికి ఇప్పటికి పదహారు సెకన్లు తేడా. రెండేళ్లుగా ఒక సెకను, అర సెకను తగ్గించడానికే అతను నానా తంటాలు పడ్డాడు. ఆ చలికాలమంతా సైకిల్ ముట్టక ఫుట్‌బాల్ మీదనే ఉన్నాడు. అలాంటి మనిషికి పదహారు సెకన్లు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చాయి?

వాచీ మా మామగారు పెళ్లిలో పెట్టినది. ముందు దాన్నే అనుమానించాను. రైల్వే స్టేషన్ గడియారంతో ఒక పగలు, ఒక రాత్రి సరిపోల్చాను. తేడా నాలుగు సెకన్లు. ఐదు నిమిషాల లెక్కలో అది లేనట్లే. తరువాత సైకిల్‌ను అనుమానించాను. నియమం ప్రకారం పెడల్ చక్రానికి నలభై ఆరు పళ్లకు మించి ఉండకూడదు. మరునాడు పొద్దున అరుగు మీద సైకిల్‌ను తలకిందులుగా నిలిపి సుద్దతో గుర్తుపెట్టి లెక్కపెడుతుండగా బావమరిది లోపలి నుంచి వచ్చాడు.

"ఎన్నున్నయి బావా?"

"నలభై ఆరు."

"నిన్న గూడ గన్నే ఉండె. రాత్రికి రాత్రి మొలుస్తయా?"

నేను వంగి, వెనుక చక్రం పళ్లు లెక్కించాను. పద్దెనిమిది.

"నన్ను అడుగరాదు? సైకిల్ ఏం జెప్తది నీకు?" అన్నాడు.

"సైకిల్ అబద్ధం జెప్పదు," అన్నాను.

అతను నవ్వాడుగాని, ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదని నాకు అప్పుడే తెలిసింది. సైకిల్‌ను సరిగా నిలబెట్టుకొని, గుర్తుపెట్టిన సుద్దను బొటనవేలితో తుడుచుకొని వెళ్లిపోయాడు.

ఆ తరువాత మలుపును అనుమానించాను. దూరపు మలుపు దగ్గర జనం గుంపుగా నిలబడతారు. బల్ల మీద నుంచి ఆ ముప్పై అడుగులు కనబడవు. అక్కడ లోపలి గీత దాటి అడ్డంగా కోసుకొని పోయాడేమో. రెండో ఆదివారం పందెం ముగియగానే అందరికంటే ముందు అక్కడికి వెళ్లి చక్రాల జాడలు చూశాను. ఒక్క జాడ కూడా గీత దాటలేదు. ఆ రోజు కూడా అతనే గెలిచాడు. ఐదు నిమిషాల పదిహేను సెకన్లు.

ఫుట్‌బాల్‌లో కూడా నాకు వింత అంకెలు కనబడ్డాయి. జనవరి తరువాత ఆరు ఆటలలో అతను తొమ్మిది గోల్స్ కొట్టాడు. అంతకుముందు ఆరు ఆటలలో నాలుగు. మా గోల్‌కీపర్ తన్నిన బంతి అవతలి గోల్ దగ్గరికి పోయి పడుతున్నది. ముందుకు పంపిన బంతులు గోల్ గీత దాటి బయటకు పోవడం బాగా పెరిగింది. "ఏమైందో బావా, ఎంత మెల్లగ కొట్టినా బయటికే పోతాంది" అని అతనే భోజనం దగ్గర అన్నాడు. నేను దానినీ రాసుకున్నాను. ఏ మందో మాకో తిని బలం తెచ్చుకుంటున్నాడని నా లోపల ఒక మాట మెదిలింది. బలం అంకెలలో కనబడుతున్నది. దాని పుట్టుక కనబడటం లేదు. పుట్టుక కనబడని దేనినీ నేను నమ్మలేదు.

ఈ లోపల సేటు ఒక కబురు తెచ్చాడు. మార్చిలో నల్లగొండలో పందెం. మహబూబ్‌నగర్ నుంచి నలుగురు, నల్లగొండ నుంచి నలుగురు. మన నలుగురిలో మొదటి పేరు నా బావమరిదిది. అతనికి ఇది మామూలు పందెం కాదు. మా మామగారు కొడుకు సైకిల్ తొక్కడాన్ని పనిలేని పని అనేవారు. ఒక్కసారి కూడా చూడలేదు. ఈసారి మాత్రం "మన దిక్కు తొక్కుతవ్ గదా, వచ్చి చూస్త" అని కబురంపారు. ఆ కబురు విన్న నాటి నుంచి నా బావమరిది పొద్దున్నే లేచి నాడా కొట్టిన చెప్పును తానే తోముకునేవాడు.

అది తెలిసి ఉండి కూడా నేను సేటుకు చీటీ రాశాను. రెండు పందేలలో నమోదైన సమయాలకు తగిన కారణం దొరకలేదు గనుక, విచారణ ముగిసే వరకు వాటిని గుర్తించరాదని, ఆ మనిషిని నల్లగొండ పంపరాదని. తేదీ వేసి సంతకం చేశాను. దొంగతనం అన్న మాట ఎక్కడా రాయలేదు. రాయనక్కరలేదు. చదివిన వారందరూ అదే చదువుకున్నారు.

సేటు చీటీ మడిచి జేబులో పెట్టుకొని, "సర్వే సారు, సొంత బామ్మర్ది గదా" అన్నాడు.

"అందుకే," అన్నాను. "బయటోని సంగతైతే ఇంకొక్కసారి చూద్దామందును."

జాబితాలో అతని పేరు తీసి, రెండు పందేలలోనూ రెండవవాడుగా వచ్చిన మనిషి పేరు పైకి జరిపారు. ఆ సాయంత్రమే నా బావమరిది ట్రంకుపెట్టె తీసుకొని డిపో పక్కన ఒక గదికి మారిపోయాడు. పోతూ అక్కతో, "నాయినకు నువ్వే రాయి, రావద్దని" అన్నాడట.

నా భార్య ఆ ఉత్తరం రాయలేదు. నాతో మాట్లాడటమూ తగ్గించింది. అడిగినదానికి జవాబు, అంతే. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"రెండోది వచ్చినాయన మా తమ్మునికి ఎంత ఎనుక ఉండె?"

"రెండు సైకిళ్లంత."

"గాయనకు నిరుడు ఎంత టైము పట్టె?"

భోజనం మధ్యలో లేచి పుస్తకం తెచ్చి చూశాను. 1960లో అతను గెలిచిన పందెం ఒకటే ఉన్నది. ఐదు నిమిషాల ముప్పై నాలుగు సెకన్లు.

"మరి గాయన గూడ పందొమ్మిది సెకన్లు ఎత్తుకపోయినట్టే గదా," అన్నది. "గాయన్నేమో నల్లగొండకు పంపుతుండ్రు."

నా దగ్గర ఉన్నది ఒక్క వాచీ. గెలిచినవాని సమయం తప్ప మరెవరి సమయమూ నేను ఏనాడూ తీయలేదు. ఆ రోజు నలుగురూ పావు చుట్టు లోపలే ఒకరి వెనుక ఒకరు వచ్చారు. అంటే నలుగురూ నిరుటి అతి తక్కువ సమయం కంటే కూడా త్వరగా వచ్చారు. నలుగురు మనుషులు ఒకేసారి ఒకే మోసం చేయడం జరిగే పని కాదు. మారినది మనుషులు కాకపోతే, మిగిలినది నేల.

మరునాడు పొద్దు పొడవకముందే గొలుసు తీసుకొని బయలుదేరాను. పట్టడానికి రెండో మనిషి కావాలి. నా భార్య, కంటి వైద్యం ముగియక ఇంకా మా ఇంట్లోనే ఉన్న బాపు దగ్గర పిల్లను పడుకోబెట్టి, "పాండ్రి" అన్నది. మైదానంలో ఎవరూ లేరు. పది సూదులూ ఆమె చేతికిచ్చి ముందు కొస పట్టమన్నాను. నేను వెనుక కొస పట్టి, నిడుపు వైపు మొదలయ్యే కట్టె మేకు దగ్గర కూర్చున్నాను.

ఆమె నడవలేదు. వంగి, మొదటి సూదిని కట్టె మేకు పక్కనే, నా కాలి దగ్గర నాటింది. "లాభం," అన్నది. తరువాత గొలుసు పట్టుకొని ముందుకు నడిచి, అది బిగిసినచోట రెండో సూది నాటి, "రెండు," అన్నది.

"ఆగు," అన్నాను.

నాకు ఆ మాట కొత్త కాదు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మా వైపు ఎవరూ ఒకటి అనరు. లాభం అంటారు. తరువాత రెండు, మూడు. ఏడును కూడా నోట పలకరు, ఆరున్నొకటి అంటారు. అది విని పెరిగినవాడినే నేను. కానీ కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచం నిండే ఉంటుంది. గొలుసుతో కొలిచేటప్పుడు మొదలు దగ్గర నేల ఇంకా మొదలే కాలేదు. అక్కడ సూది నాటి లాభం అంటే, పది అనేసరికి తొమ్మిది గొలుసులే నడిచినట్లు. సూదులు మాత్రం పదీ అయిపోతాయి.

"తప్పా?" అని అడిగింది.

"ఏమీ లేదు. అట్లనే కొలువు," అన్నాను.

ఆమె లాభంతో మొదలుపెట్టి, ఆరున్నొకటి మీదుగా పది వరకు పోయింది. పదో సూది గోల్ గీత మీద, కొత్తగా పాతిన స్తంభం పక్కన సరిగ్గా పడింది. రెండో వైపు నేనే ముందు నడిచి ఒకటి నుంచి లెక్కపెట్టాను. తొమ్మిది. బాట ముప్పై ఎనిమిది గొలుసులు. ఫుట్‌బాల్ మైదానం తొంభై తొమ్మిది గజాలు. నూరు గజాలకు తగ్గితే ఆటే చెల్లదని నియమం.

అక్కడే మొరం మీద కూర్చొని లెక్క వేశాను. నిరుటి ఐదు నిమిషాల ముప్పై సెకన్లను నలభైతో భాగించి ముప్పై ఎనిమిదితో గుణిస్తే, మూడు వందల పదమూడున్నర సెకన్లు. నా వాచీ చూపినది మూడు వందల పద్నాలుగు. నా బావమరిది పదహారు సెకన్లు సంపాదించలేదు. నిరుటికంటే అర సెకను మెల్లగా తొక్కాడు.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన ఒక కంటికి దవాఖాన పట్టీ, రెండో కన్ను నా మీద.

"పది సూదులిచ్చినవ్. పది సూదులు నాటిన. తక్కువైతే నీ గొలుసును అడుగు కొడుకా, నన్ను అడుగుతవేంది?"

"మొదలు కాడ నాటొద్దు బాపు."

"మొదలు కాడ లాభం అనకుంట ఎట్ల మొదలువెడతరు? నువ్ ఎదురుంగనే నిలవడ్డవు గద. కండ్లు నాకే కనవడుతలేవా, నీకు గూడనా?"

సైకిల్ పళ్లు లెక్కపెట్టాను, వాచీని రైలు గడియారంతో పోల్చాను, మనిషి చక్రాల జాడ వెంట నడిచాను. నేను పది అని రాసుకున్న కాగితాన్ని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

నల్లగొండ పందేనికి ఐదు రోజులు. సేటు దుకాణానికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "పేరు తిరిగి ఎక్కియ్యొచ్చు. గాయన ఒప్పుకోవాలె గద" అన్నాడు. డిపోకు వెళ్లాను. నా బావమరిది దుంగ మీద తెల్ల రంగుతో నంబరు వేస్తున్నాడు. నేను చెబుతున్నంతసేపూ కుంచె ఆపలేదు.

"అయితే నేను దొంగను గాదు," అన్నాడు చివరకు.

"కాదు."

"జోరుగ గూడ తొక్కలే."

"లేదు."

"చీటీ రాసినప్పుడు మస్తు పెద్దగ రాసినవట. గిది గూడ గట్లనే రాయి. రాసి అందరి ముందర నువ్వే చదువు. గప్పుడొస్త."

రాశాను. మరునాడు సాయంత్రం ఫుట్‌బాల్ ఆట ముగిసిన తరువాత, రెండు జట్లూ, పందెగాళ్లూ, చూడవచ్చినవారూ నిలబడి ఉండగా చదివాను. లాభం సంగతి వచ్చినచోట అందరూ నవ్వారు. ఒకాయన వెనుక నుంచి, "సార్ మొదటి బిడ్డను గూడ లాభం అన్నడేమో" అన్నాడు. ఇంకొకాయన, గత రెండు నెలలలో కొట్టిన గోల్స్ చెల్లుతాయా అని అడిగాడు. చెల్లవని చెప్పాను. ఫుట్‌బాల్ జట్టులో నన్ను క్షమించనివారు ఆ రోజు నుంచి ఇద్దరు మిగిలారు. నా బావమరిది అందరికంటే వెనుక, చేతులు కట్టుకొని, చివరి వాక్యం వరకు విన్నాడు. ట్రంకుపెట్టె మాత్రం మా ఇంటికి తిరిగి రాలేదు.

నల్లగొండకు కుటుంబమంతా వెళ్లాం. మా మామగారు బండి కట్టించుకొని వచ్చి నా పక్కనే కూర్చున్నారు. మలుపులో కొడుకు ఒరిగిన ప్రతిసారీ నా మోచేయి పట్టుకొనేవారు. ఆ పట్టు వల్ల నా చేతిలో వాచీ కదిలిపోయి మూడు, ఐదు చుట్ల సమయాలు సరిగా తీయలేకపోయాను. నా బావమరిది మూడవవాడుగా వచ్చాడు. గెలిచినది నల్లగొండ మనిషి.

దుమ్ము కొట్టుకున్న ముఖంతో వచ్చి, అక్క ఇచ్చిన చెంబు నీళ్లు తాగాడు. తండ్రి అతని ఎడమ చెప్పు తీసుకొని, తిప్పి నాడా చూసి, "ఎద్దుకు గూడ ఇంత అరగదు గదరా" అన్నారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ కొడుకు ఎన్నడూ విని ఉండడు. నా వైపు తిరిగాడు.

"మూడో నంబరు బావా. గిది నమ్ముతవా?"

"నమ్ముతున్న," అన్నాను.

అతను నమ్మినట్లో నమ్మనట్లో తల ఊపి సైకిల్ వైపు వెళ్లిపోయాడు. నల్లగొండ బాటను కొలిచినది నేను కాదు. కూర్చున్నచోటి నుంచి చూస్తే అవతలి నిడుపు వైపు ఇవతలి దానికంటే ఒక గొలుసు ఎక్కువున్నట్లు నాకు కనిపించింది. ఆ మాట అతనితో అనలేదు.